జమాఖర్చు: కొలిచి పోసిన పాలు

పోయిన సంచికలో నామినేషను గురించి రాస్తే, "మీ శీర్షిక చదివితే చావే గుర్తొస్తోందండీ, ఈసారి కాస్త సరదాగా రాయండి" అని హోసూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. అందుకని ఈసారి ఓడ ప్రయాణం. అయినా ఇందులోనూ అప్పు గొడవ వస్తుంది. బ్యాంకువాడి బుద్ధి, మన్నించాలి.

2023 ఆగస్టులో మా పెళ్లయి 30 ఏళ్లు నిండాయి. చెన్నై నుంచి శ్రీలంక రేవులు మూడు చూపించి తీసుకొచ్చే విహార నౌకలో మా అమ్మాయి మా ఇద్దరికీ అయిదు రాత్రుల టిక్కెట్లు కొనిపెట్టింది. ఆ ఓడ ఆ దారిన తిరగడం మొదలెట్టింది ఆ జూన్‌లోనే. టిక్కెట్లు వచ్చేనాటికి ఇంట్లో మాటల్లేవు. మా చిన్నవాడు ఒక వ్యాపారంలో మునిగి, రెండోదానికి అప్పు పెట్టుకుని, నన్ను ష్యూరిటీ సంతకం చెయ్యమన్నాడు. మొదటిసారి చేశాను, చివరికి కట్టిందీ నేనే. ఈసారి చెయ్యనన్నాను. వాడు ఫోన్ చెయ్యడం మానేశాడు, నేనూ మానేశాను. అలా ఆరు నెలలు. మా ఆవిడ నాతో "అన్నం పెట్టాను", "గ్యాసు వచ్చింది" అన్న రెండు ముక్కలే మాట్లాడేది.

ఓడ మాత్రం పెద్దది. 1990లో ఫ్రాన్సులో కట్టారట. పదకొండు అంతస్తులు, 200 మీటర్ల పైన పొడవు. ఈతకొలను, నాటకశాల, జూదశాల అన్నీ ఉన్నాయి. జూదశాల గుమ్మంలో నిలబడి కాసేపు చూశాను. గెలిచినవాడు లేచి పోడు, ఓడినవాడు అసలే లేవడు. మా గదికి కిటికీ లేదు. రెండోరోజంతా నడిసముద్రం. పొద్దున ఇడ్లీ, పూరీ, పళ్లరసం అన్నీ ఒకే విడతలో పట్టించాను. గంటలో ఓడ ఊగడం, నా కడుపు తిరగడం ఒకేసారి మొదలయ్యాయి. ఆవిడకి ఏమీ కాలేదు. నిమ్మకాయ ముక్క నా ముక్కు దగ్గర పెట్టి, "మూడు పూరీలు ఎవరు తినమన్నారు?" అంది. ఆరు నెలల్లో నాతో ఆడిన పెద్ద వాక్యం అదే. వెళ్లేవాళ్లకి ఒక మాట: వాంతుల మాత్ర ఓడ ఎక్కేముందే వేసుకోవాలి, మొదలయ్యాక వేసుకుంటే అదీ బయటికే వస్తుంది.

మూడోరోజు హంబన్‌తోట. చైనా అప్పుతో కట్టిన రేవు ఇది. 2017లో 112 కోట్ల డాలర్లకు, 99 ఏళ్ల లీజుకి చైనా కంపెనీ చేతికే వెళ్లింది. విశాలంగా, శుభ్రంగా ఉంది. ఇంత చక్కటి రేవులో ఇంత తక్కువ ఓడలేమిటా అని నేను వెతుక్కుంటుంటే, "ఇక్కడా లెక్కలేనా?" అంది ఆవిడ.

ఒడ్డు మీద తిరగడానికి వేరే డబ్బు. మేం ఉడవలవె అడవికి వెళ్లాం, వ్యానులో గంటకు పైనే. వెంట వచ్చిన గైడు వచ్చీరాని తమిళంలో మా ఊరడిగాడు. వేలూరు అనగానే, "మా ఆఖరి రాజు పోయింది మీ ఊళ్లోనే కదా!" అన్నాడు. నిజమే. కండి రాజ్యం 1815లో పోయాక శ్రీవిక్రమ రాజసింహుణ్ణి ఇంగ్లీషువాళ్లు ఓడలో మద్రాసు చేర్చి మా కోటలో ఉంచారు. 1832లో అక్కడే పోయాడు. మన నాయక వంశంవాడే. పాలారు ఒడ్డున ఆయన సమాధి పక్కగా ఎన్నిసార్లు స్కూటరు మీద వెళ్లానో, ఒక్కసారీ దిగి చూడలేదు.

ఉడవలవె ఒక జలాశయం చుట్టూ ఉన్న అడవి. ఆనకట్టతో చోటు పోగొట్టుకున్న జంతువుల కోసం 1972లో దాన్ని రక్షిత వనం చేశారు. జీపులో తిరిగితే గుంపులు గుంపులుగా ఏనుగులు, నీళ్లలో ఎండిపోయి నిలబడ్డ చెట్లు, మొసళ్లు, నెమళ్లు. దంతాలున్నవి ఒక్కటీ కనిపించలేదు. శ్రీలంక మగ ఏనుగుల్లో దంతాలున్నవి నూటికి పది కూడా ఉండవట.

అడవి అంచున రోడ్డు వెంట కరెంటు కంచె ఉంది. దాని అవతల నాలుగైదు పెద్ద మగ ఏనుగులు వరసగా నిలబడి వచ్చేపోయే బళ్లను చూస్తున్నాయి. రోడ్డు పక్కన పళ్ల కొట్లు. ఆవిడ అరటిపళ్లు కొందామంది. గైడు వద్దన్నాడు. అలా పెట్టి పెట్టి ఇవి అడవిలోకి వెళ్లడం మానేశాయట, బళ్లకి అడ్డం పడే రకాలూ తయారయ్యాయట. నేను ఆవిడ వంక చూశాను. నేనేం అనుకుంటున్నానో ఆవిడకి తెలుసు, ముఖం తిప్పేసుకుంది.

అక్కడికి దగ్గర్లోనే అనాథ ఏనుగు పిల్లల శాల. 1995 నుంచి వన్యప్రాణి శాఖ నడుపుతోంది. తల్లి తుపాకికి బలైనవి, బావిలో పడ్డవి ఇక్కడికొస్తాయి. మూడు గంటలకోసారి పాలు పోసేటప్పుడు మనం దూరంగా అరుగు మీద కూర్చుని చూడాలి, ముట్టుకోనివ్వరు. గేటు తీయగానే పిల్లలు పరుగెత్తుకొచ్చాయి. గరాటుకి గొట్టం తగిలించి, గుటకలు లెక్కపెట్టినట్టు పోస్తున్నారు. అయిపోగానే వీపు మీద చరిచి పంపేస్తారు. ఒకటి మాత్రం కదలక అరుస్తూ గొట్టం కోసం తొండం చాచింది. పనివాడు దాన్ని భుజంతో నెట్టాడు. అయిదేళ్లు వచ్చాక అడవిలో వదిలేస్తారు. మనిషికి మరీ అలవాటైతే అక్కడ బతకదని గైడు చెప్పాడు. ఇప్పటికి వందకు పైగా వదిలారట.

"విన్నావా?" అన్నాను, ఉండబట్టలేక.

"విన్నాను. చూశాను కూడా," అంది. "కొలిచి పోస్తున్నాడు, సరే. నెట్టాడు, సరే. మళ్లీ మూడు గంటలకి పొయ్యడానికి వస్తాడు కదా? మీరు ఆర్నెల్లయింది."

వ్యానులో రేవు చేరేదాకా నేను నోరెత్తలేదు.

మర్నాడు త్రికోణమలై. కోటలో మచ్చల జింకలు మన ఊరి ఆవుల్లా తిరుగుతున్నాయి, కోణేశ్వరుడి దర్శనం చక్కగా అయింది. ఆ పై రోజు కంకేశన్‌తురై, యాళ్పాణం. నల్లూరు గుడిలో ఆవిడ చాలాసేపు కూర్చుంది. ఆ రాత్రి డెక్కు మీద గాలి హోరులో, "సంతకం పెట్టొద్దులెండి. నేనూ అడగను," అంది. ఇంకేమీ అనలేదు.

చెన్నై రేవులో ఓడ ఆగి, సెల్లుకి సిగ్నల్ రాగానే పెట్టెలు ఆవిడ దగ్గరుంచి పక్కకెళ్లి చిన్నవాడికి ఫోన్ చేశాను. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడే, "నాన్నా, అమ్మకి ఓడలో వాంతులయ్యాయా?" అన్నాడు.

అమ్మకి కాలేదురా, నాకే అయ్యాయి, అన్నాను.