సంధ్యవేళ వెనిస్

ఒక బొమ్మను చూడగానే "ఇది ఫలానా కోట, అది ఫలానా గుడి" అని గుర్తుపట్టేస్తే, మనలో చాలామందికి ఆ బొమ్మతో పని తీరిపోతుంది. కాని గుడికీ మనకూ నడుమనున్న గాలిని చూపించాలని పట్టుబట్టిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. ఆయన ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే.

1874 లో ఆయనా, మిత్రులూ కలిసి పారిస్‌లో పెట్టిన ప్రదర్శనలో రేవుపట్నపు సూర్యోదయం బొమ్మ ఒకటుంది. దాని పేరులోని "ఇంప్రెషన్" అన్న మాటను పట్టుకుని ఒక విమర్శకుడు వాళ్ళందరినీ ఎగతాళి చేశాడు. ఆ ఎగతాళి మాటే వాళ్ళ సంప్రదాయానికి పేరై నిలిచిపోయింది.

1908 అక్టోబరులో మోనే భార్య ఆలిస్‌తో కలిసి వెనిస్ వెళ్ళాడు. అప్పటికాయనకు 67 ఏళ్ళు. వీధులకు బదులు కాలవలూ, బండ్లకు బదులు పడవలూ ఉన్న ఊరది. ఇంత అందం బొమ్మలో పెట్టడం ఎవరి తరమూ కాదని మొదట చేతులెత్తేశాడు. తీరా కుంచె పట్టాక, రెండు నెలలు దాటినా ఊరు విడవలేదు. 37 చిత్రాలు మొదలుపెట్టాడు.

ఆయన పద్ధతి చూడండి. పొద్దున ఒకచోట కూర్చుంటాడు. ఎండ మారగానే ఆ కాన్వాసు పక్కనపెట్టి ఇంకోచోటికి పోతాడు. మర్నాడు మళ్ళీ అదే వేళకు అదే చోటు. పదిగంటల మేడ వేరు, నాలుగుగంటల మేడ వేరు! పొద్దుగూకేవేళ ఆలూమగలిద్దరూ పడవెక్కి షికారు తిరిగేవారు. ఈ సంగతులు ఆలిస్ కూతురికి వ్రాసిన ఉత్తరాలవల్ల తెలుస్తున్నాయి.

ఆ బొమ్మలలో ఒకటి సంధ్యవేళ సాన్ జార్జియో మజ్జోరే చర్చి. పొద్దు వాలాక కిరణాలు గాలిలో చాలా దూరం నడిచి రావాలి. దారిలో నీలికాంతి చెదిరిపోయి, పసుపూ ఎరుపూ మనదాకా వస్తాయి. బొమ్మలో ఆకాశం ఆ రంగులతోనే మండుతోంది. నీరు దాన్ని అందుకుని మళ్ళీ చూపిస్తోంది. చర్చి మాత్రం నీలంగా, ఊదాగా కరిగిపోతున్నట్టుంది. నారింజ పక్కన నీలం పెడితే రెండూ రెట్టింపు వెలుగుతాయని ఆయనకు తెలుసు.

మళ్ళీ వచ్చి వీటిని పూర్తిచేయాలనుకున్నాడు. ఆ కోరిక తీరలేదు. 1911 మే నెలలో ఆలిస్ కన్నుమూసింది. కొన్ని నెలలపాటు ఆయనకు కుంచె మీదికి మనసు పోలేదు. ఆ తరువాత తన ఊళ్ళో, చిత్రశాలలో, ఆ వెనిస్ కాన్వాసులనే బయటికి తీశాడు. ఎదుట నీళ్ళు లేవు, సంధ్య లేదు, పడవలో పక్కన కూర్చున్న మనిషీ లేదు. కళ్ళెదుట ఉన్నదాన్నే గీస్తానని జీవితమంతా శపథం పట్టినవాడు జ్ఞాపకాన్ని నమ్ముకోవలసివచ్చింది. 1912 లో 29 చిత్రాలు పారిస్‌లో ప్రదర్శనకు పెట్టాడు. ఆ ఏడే వైద్యులు ఆయన కళ్ళలో శుక్లాలున్నాయని చెప్పారు.

ఆ సంధ్య ఇప్పుడు వేల్సు దేశంలో, కార్డిఫ్ మ్యూజియంలో ఉంది. దాని అచ్చుబొమ్మ ఎక్కడైనా మీ కంటబడితే చర్చి పేరు కాసేపు మరచిపోండి. నారింజ ఎక్కడ ఆగి నీలం ఎక్కడ మొదలైందో వెతకండి. గీత దొరకదు. పడవలోంచి ఇద్దరు కలిసి చూసిన వెలుగును ఒక్కడే కూర్చుని పూర్తిచేసిన చోటు అదే కావచ్చు.