పేరు లేని ఫోటో... పోయిన ఫోటోయే!

మా బావకి ఓ చిన్న ఊళ్లో ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల సీజన్లో ఆయన్ని పట్టుకోవడం కష్టం. సరిగ్గా అలాంటి హడావుడిలోనే ఓ కుర్రాడు వచ్చి స్టూడియో గుమ్మంలో నిలబడ్డాడు.

''అన్నా, మా నాన్న పోయాడు. పెద్దకర్మకి ఫోటో కావాలి. ఇంట్లో ఉన్నవన్నీ ఆధార్ కార్డు మీద బొమ్మలాంటివే. అయిదారేళ్ల కిందట మావాళ్ల పెళ్లి ఒకదాంట్లో, వంటశాల దగ్గర నిలబడి నవ్వుతుంటే మీరొకటి తీశారు. ఎవరి పెళ్లో గుర్తురావడం లేదు. అదొక్కటి వెతికిపెట్టన్నా'' అన్నాడు.

''దానికేం తమ్ముడూ, రేపు సాయంత్రం రా. ఫ్రేము కట్టించి ఇస్తాను'' అన్నాడు బావ, ఏమాత్రం ఆలోచించకుండా.

ఆ ధీమాకి కారణం ఉంది. అంతకుముందు రెండేళ్లపాటు తీరిక దొరికినప్పుడల్లా పాత ఫోటోలన్నిటికీ ఆయన పేర్లు రాసుకున్నాడు. ఏ ఊరు, ఎవరి పెళ్లి, ఫోటోలో ఉన్నది ఎవరు... అన్నీ. కానీ ఈలోగా పాత కంప్యూటర్ చెడిపోయింది. కొత్తది కొన్నాడు. ఫోటోలు విడి హార్డ్ డిస్కుల్లో ఉన్నాయి కాబట్టి వాటికేం కాలేదు. రాత్రి షాపు మూసి వెతకడానికి కూర్చున్నాక తెలిసింది... ఫోటోలున్నాయి, పేర్లు లేవు. ఆయన రాసిందంతా ఫోటోల్లోకి వెళ్లలేదు. ఆ సాఫ్ట్‌వేర్ తన సొంత పుస్తకంలో రాసుకుంది. ఆ పుస్తకం పాత కంప్యూటర్‌తోపాటే పోయింది!

నాలుగు హార్డ్ డిస్కులు. లెక్కలేనన్ని పెళ్లిళ్లు. ఒక్క నవ్వు. ఆయన వెతుకుతుండగానే ఈ వారం శీర్షికకి నాకు విషయం దొరికింది.

నెగెటివ్ కవర్ల రోజులే నయమా?

ఫిల్ము రోజుల్లో ఏ స్టూడియోకి వెళ్లినా ఒక పద్ధతి కనిపించేది. నెగెటివ్‌లు కత్తిరించి కవర్లో పెట్టి, కవరు మీద నంబరు వేసేవారు. అదే నంబరు బిల్లు పుస్తకంలోనూ ఉండేది. పదేళ్ల తర్వాత పాత బిల్లు పట్టుకొచ్చినా నెగెటివ్ దొరికేది.

డిజిటల్ కెమెరా వచ్చాక నంబర్లు అదే వేసుకుంటోంది కదా అనుకున్నాం. డీఎస్‌సీ 0457, ఐఎంజీ 2031... ఇలా. కానీ చాలా కెమెరాల్లో ఆ లెక్క 9999 దాకా వెళ్లి మళ్లీ మొదటికొస్తుంది. అంటే ఒకే పేరుతో మీ దగ్గర నాలుగైదు ఫోటోలు ఉండొచ్చు. రెండు ఫోల్డర్లని తొందరలో ఒకదాంట్లో కలిపేస్తూ, కంప్యూటర్ అడిగిన ప్రశ్నకి చదవకుండా 'సరే' కొట్టామా... ఒకరి తాళిబొట్టు మీద ఇంకొకరి అక్షింతలు పడి మొదటి ఫోటో మాయం!

అందుకే ఫోటో సాఫ్ట్‌వేర్ అనగానే ''ముఖం తెల్లగా చేస్తుందా? వెనకాల మనిషిని తీసేస్తుందా?'' అని మాత్రమే అడక్కండి. ''పదేళ్ల తర్వాత వెతికిపెడుతుందా?'' అని కూడా అడగండి.

వంటవాడు వేరు, స్టోర్ చూసుకునేవాడు వేరు

ఫోటోల దగ్గర రెండు పనులున్నాయి. ఒకటి దిద్దడం, రెండోది సర్దడం. దిద్దడంలో పేరుమోసింది ఫోటోషాప్. నాల్ సోదరులు తయారుచేసిన ఈ సాఫ్ట్‌వేర్ 1990లో మార్కెట్లోకి వచ్చింది. డబ్బు పెట్టలేనివారికి 'గింప్' ఉంది. పూర్తిగా ఉచితం. ఆల్బమ్ పేజీలు కూర్చడం, చిరిగిన పాత ఫోటో అతకడం, వెనకాల గోడ రంగు మార్చడం లాంటివి ఈ రకం సాఫ్ట్‌వేర్ల పని. కానీ ''2019లో తీసిన గృహప్రవేశాలన్నీ చూపించు'' అని గింప్‌ని అడిగితే అది చూపించలేదు. అది దాని పని కాదు.

సర్దే పనికి వేరే సాఫ్ట్‌వేర్లున్నాయి. అడోబ్ సంస్థదే 'బ్రిడ్జ్' ఉంది. దీన్ని ఉచితంగా ఇస్తారు. 'డిజికామ్' కూడా ఉచితమే. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటి మీదా పనిచేస్తుంది. ముఖాలు గుర్తుపట్టే ఏర్పాటు కూడా అందులో ఉంది. పత్రికా ఫోటోగ్రాఫర్లు ఎక్కువగా వాడే 'ఫోటో మెకానిక్' ఇంకో రకం. వేల ఫోటోల్లోంచి మంచివి ఏరడంలో దాని వేగమే వేరు. రా ఫైలు మొత్తాన్ని తెరవకుండా, అందులో కెమెరా ముందే దాచిన చిన్న బొమ్మని చూపిస్తుంది. అదే దాని వేగం రహస్యం.

రెండు పనులూ ఒకేచోట జరగాలనుకునేవారి కోసం 2007లో లైట్‌రూమ్ వచ్చింది. ఇప్పుడు 'లైట్‌రూమ్ క్లాసిక్' అంటున్నది దాన్నే. 2017 నుంచి లైట్‌రూమ్ పేరుతోనే, ఫోటోల్ని ఇంటర్నెట్‌లో దాచే ఇంకొకటి కూడా ఉంది. పేరు చూసి ఒకటనుకుని ఇంకొకటి తీసుకోకండి.

సుద్దగీతా? కత్తెరా?

మంచి దర్జీ గుడ్డ చేతికి రాగానే కత్తెర వెయ్యడు. ముందు సుద్దముక్కతో గీతలు గీస్తాడు. నచ్చకపోతే చెరిపి మళ్లీ గీస్తాడు. లైట్‌రూమ్, ఉచితంగా దొరికే 'డార్క్‌టేబుల్' లాంటివి ఈ సుద్దగీత పద్ధతిలో పనిచేస్తాయి. 'వెలుతురు ఇంత పెంచు, ఈ మూల కత్తిరించు' అని విడిగా రాసి పెట్టుకుంటాయి తప్ప అసలు ఫోటోని ముట్టుకోవు. పదేళ్ల తర్వాతైనా మొదటి ఫోటో మొదట్లాగే ఉంటుంది.

దీనికి విరుద్ధం... జేపెగ్ ఫోటోని తెరవడం, మార్చడం, అదే పేరుతో సేవ్ చేసేయడం. జేపెగ్ అంటేనే కొంత వివరాన్ని వదిలేసి ఫైలుని చిన్నది చేసే పద్ధతి. మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టన్నమాట. కాబట్టి ఏ సాఫ్ట్‌వేర్ వాడినా మొదటి ఫోటోని కదిలించొద్దు. మార్పులన్నీ కాపీ మీదే చేయండి.

రాసేది ఎక్కడ?

ఇక అసలు సంగతికొద్దాం. మా బావ దెబ్బతిన్నది ఇక్కడే.

మనం ఫోటోకి పేరో, ఊరో, నక్షత్రం గుర్తో పెట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని మూడుచోట్ల రాయొచ్చు. ఒకటి, తన సొంత పుస్తకంలో. దీన్నే కేటలాగ్ అనో డేటాబేస్ అనో అంటారు. రెండు, ఫోటో ఫైలు లోపలే. మూడు, ఫోటో పక్కనే అదే పేరుతో ఉండే చిన్న ఫైల్లో. దీన్ని ఎక్స్ఎంపీ ఫైలు అంటారు. రా ఫోటోలకి ఎక్కువగా ఈ మూడో పద్ధతే వాడతారు.

సొంత పుస్తకంలో రాసుకుంటే వెతకడం వేగంగా ఉంటుంది. తప్పు లేదు. కానీ అందులో మాత్రమే రాసుకుంటే ఆ పుస్తకం పోయిన రోజు మన కష్టం కూడా పోతుంది. ఫోటోలోనో, పక్క ఫైల్లోనో రాస్తే మాత్రం రేపు ఇంకో సాఫ్ట్‌వేర్‌తో తెరిచినా పేర్లు కనిపిస్తాయి.

డార్క్‌టేబుల్ మొదట్నుంచీ పక్క ఫైలు రాస్తుంది. డిజికామ్‌లో ఎక్కడ రాయాలో సెట్టింగుల్లో ఎంచుకోవచ్చు. లైట్‌రూమ్ క్లాసిక్‌లో 'మార్పుల్ని ఎక్స్ఎంపీలోకి రాయి' అనే ఏర్పాటు ఉంటుంది. అది ఆన్‌లో ఉందో లేదో మీరే చూసుకోవాలి. ఆన్‌లో ఉన్నా, అందులో మనం చేసుకున్న 'కలెక్షన్లు' మాత్రం కేటలాగ్ దాటి రావు. పక్క ఫైళ్లున్నప్పుడు ఇంకో జాగ్రత్త... ఫోటోని వేరే చోటికి మారిస్తే దాన్ని కూడా వెంట తీసుకెళ్లాలి.

గూగుల్ ఫోటోస్‌లో వివరాలు రాసుకునేవారూ ఉన్నారు. అన్నీ ఒకేసారి దించుకునే 'టేకౌట్' వాడితే ఆ రాతలు ఫోటోలో ఉండవు, పక్కన విడి ఫైలుగా వస్తాయి. అనవసరమనుకుని పారేయకండి. వాట్సాప్ సంగతి సరేసరి. మామూలుగా పంపిన ఫోటో చిక్కిపోతుంది, లోపలి రాత చెరిగిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే రెండూ నిలుస్తాయి.

తెలుగులో పేర్లు రాసేవారికి ఒక మాట. శుభలేఖలకి వాడే పాత డీటీపీ ఫాంట్లతో రాయకండి. ఫాంటు మారితే అవి అర్థంలేని గుర్తులైపోతాయి. ఫోన్లో తెలుగు టైప్ చేసినట్టే యూనికోడ్‌లో రాయండి.

సాఫ్ట్‌వేర్లకీ ఆయుష్షుంటుంది

'ఇంత పెద్ద కంపెనీది, ఎక్కడికి పోతుందిలే' అనుకుంటాం. పికాసా గుర్తుందా? ఎన్ని ఇళ్లలో ఉండేదో! 2016లో గూగుల్ దాన్ని ఆపేసింది. ఆపిల్ వారి 'అపెర్చర్' 2005లో ఫోటోగ్రాఫర్ల కోసమే వచ్చింది. 2014లో ఇక ఉండదని ప్రకటించారు, మరుసటి ఏడాది అమ్మకమే ఆగిపోయింది. గూగుల్ ఫోటోస్ 2015లో వచ్చినప్పుడు కాస్త నాణ్యత తగ్గించుకుంటే ఎన్ని ఫోటోలైనా ఉచితమన్నారు. 2021 జూన్ నుంచి 15 జీబీ దాటితే డబ్బు కట్టాల్సిందే.

అడోబ్ 2013లోనే చందా పద్ధతికి మళ్లింది. ఒక్కసారి కొని ఉంచుకునే లైట్‌రూమ్‌కి 2015లో వచ్చిన ఆరో వెర్షనే ఆఖరు. చందా ఆపేస్తే లైట్‌రూమ్ క్లాసిక్‌లో ఫోటోలు చూడొచ్చు, బయటికి తీసుకోవచ్చు. దిద్దే విభాగం మాత్రం మూతపడుతుంది.

వీటిలో ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అద్దె ఇంట్లో ఉండొచ్చు. కానీ ఖాళీ చేసేటప్పుడు సామాను బయటికి వచ్చే దారి ఉందో లేదో దిగేముందే చూసుకోవాలి.

ఎవరికి ఏది?

ఇంటి ఫోటోలు మాత్రమే ఉన్నవారికి డిజికామ్ చాలు. ఫోన్లోవి నెలకోసారి కంప్యూటర్లోకి దించుకోండి. ఫోల్డరు పేరులో ముందు ఏడాది, తర్వాత నెల, తేదీ, ఆపైన సందర్భం రాయండి. అన్నీ వరసలో అవే కూర్చుంటాయి.

కెమెరా కొని సరదాగా రా ఫోటోలు తీసేవారు డార్క్‌టేబుల్‌తో మొదలుపెట్టొచ్చు. మొదట కొంచెం తికమక పెడుతుంది. నెల్లాళ్లు ఓపిక పట్టండి. మీ కెమెరా మోడల్ రా ఫైళ్లని ఆ సాఫ్ట్‌వేర్ తెరుస్తుందో లేదో మాత్రం ముందే చూసుకోవాలి. కొత్త కెమెరా, పాత సాఫ్ట్‌వేర్ అయితే చాలాసార్లు పొసగదు. అప్పుడు అడోబ్ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్ అక్కరకొస్తుంది.

పెళ్లికి వేలల్లో ఫోటోలు తీసే స్టూడియోవారికి లైట్‌రూమ్ క్లాసిక్, ఫోటోషాప్ జోడీ పని తేలిక చేస్తుంది. ఒక ఫోటోకి సరిచేసిన రంగుల్ని అదే వెలుతురులో తీసిన మూడొందల ఫోటోలకి ఒక్కసారే వర్తింపజేయొచ్చు. చందా ఖర్చుని ఈ మిగిలిన సమయంతో పోల్చి చూసుకోండి.

ఏదైనా సరే, కొనేముందు ఒక ఆదివారం కేటాయించండి. రెండొందల ఫోటోలు కాపీ చేసి కొత్త ఫోల్డర్లో వేయండి. పదింటికి తెలుగులో పేర్లు రాయండి, నక్షత్రాలివ్వండి. ఆ ఫోల్డరుని పెన్ డ్రైవులో వేసి ఇంకో కంప్యూటర్లో, ఇంకో సాఫ్ట్‌వేర్‌తో తెరవండి. పేర్లు కనిపించాయా... తీసుకోండి. లేదా... సెట్టింగులు మార్చి మళ్లీ చూడండి. అప్పటికీ కనిపించకపోతే వదిలేయండి.

సాఫ్ట్‌వేర్ ఉందని బ్యాకప్ మానొద్దు. లైట్‌రూమ్ క్లాసిక్ 'బ్యాకప్ తీసుకోనా' అని అడిగేది దాని కేటలాగ్‌కి, మీ ఫోటోలకి కాదు. అమెరికా ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం గుర్తుపెట్టుకోండి. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల్లో, ఒకటి వేరే చోట. ఆ 'వేరే చోటు' మీ అక్కయ్యగారి బీరువా అయినా ఫరవాలేదు!

ఇంతకీ ఆ కుర్రాడి నాన్నగారి ఫోటో దొరికిందా అంటారా? దొరికింది. 'వంటశాల దగ్గర' అన్న ఒక్క గుర్తు పట్టుకుని బావ ఒక్కో పెళ్లీ వెతికాడు. పెద్దకర్మకి ముందురోజు రాత్రి, చేతిలో గరిటెతో, భుజాన తువ్వాలుతో ఆయన నవ్వుతూ కనిపించాడు. ఫ్రేముకి డబ్బులు తీసుకోలేదట మా బావ.

ఆ తర్వాత ఆయన మళ్లీ పేర్లు రాయడం మొదలుపెట్టాడు, ఈసారి ఫోటోల్లోనే. ఆల్బమ్ తీసుకోవడానికి వచ్చినవారిని కూర్చోబెట్టి, టీ తెప్పించి, ''ఈ పెద్దాయన మీకేమవుతారు?'' అని అడిగి రాసుకుంటున్నాడు. మీ ఇంట్లోనూ అమ్మమ్మో, తాతయ్యో ఉంటే ఈ సాయంత్రం వాళ్లని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టండి. ముఖాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్‌కి కూడా మొదటిసారి పేరు చెప్పాల్సింది మనమే కదా.