పరీక్షింపక పలుకరాదు

1978 జూలై 25న ఇంగ్లండులో లూయీ బ్రౌన్ జన్మించినది. స్త్రీ అండమును వెలికితీసి, గాజుపాత్రలో పురుషబీజముతో ఫలింపజేసి, ఆ పిండమును గర్భాశయమున నిలుపు విధానమునకు అది తొలిఫలము. ఆ యేడే అక్టోబరు 3న కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయ కృషివలన 'దుర్గ' జన్మించినది. ఆయన పిండమును ఘనీభవింపజేసి, నిలువయుంచి వినియోగించెను. ప్రభుత్వము నియమించిన సంఘము ఆయనను నమ్మలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసికొనెను.

1986లో బొంబాయిలో జన్మించిన హర్ష మన దేశపు మొదటి పరీక్షానాళికా శిశువని పేరు వచ్చినది. ఆ కార్యమున ముఖ్యుడైన టి.సి. ఆనంద్‌కుమార్, 1997లో ముఖోపాధ్యాయ పత్రములను పరిశీలించి, ప్రథమస్థానము ఆయనదేయని తానే చాటెను. శాస్త్రధర్మమనగా ఇదియే.

నేడు అండములను మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో భద్రపరచుచున్నారు. కాన్సరు చికిత్సకు పోవు యువతులకు ఇది ఊరట. మాతృత్వమును వాయిదా వేయగోరువారును దీనిని ఆశ్రయించుచున్నారు. అయితే శీతలము అండము వయస్సును నిలుపునేగాని తల్లి వయస్సును నిలుపజాలదు. కరగించిన ప్రతి అండము బ్రదుకదు, బ్రదికినదెల్ల ఫలింపదు, ఫలించినదెల్ల శిశువు కాదు. మన 2021 చట్టము ఇట్టి చికిత్స పొందు స్త్రీకి 21 మొదలు 50 ఏండ్ల పరిమితి విధించినది.

నాడు పరీక్షింపకయే కాదంటిమి. నేడు ప్రకటనలు చూచి, పరీక్షింపకయే ఔనందుమా? విద్యార్థులు అడుగవలసిన ప్రశ్న ఇది. అడుగ నేర్పవలసినవారు ఉపాధ్యాయులు.