పాదం పెరుగుతుంది, బూటు పెరగదు!
స్కేటింగ్ పిల్లల భారం తల్లిదండ్రులదేనా?

విశాఖపట్నం: పిల్లలకు చెప్పులు కొనేటప్పుడు "రెండు వేళ్లు పెద్దవి ఇవ్వండి, వచ్చే ఏడాదికి కూడా సరిపోతాయి" అని అడగని తల్లిదండ్రులు మన పల్లెల్లో అరుదు. ఆచితూచి ఖర్చు పెట్టుకునే ఇంట అది తప్పు కాదు. కాని చక్రాల బూట్లు కట్టుకొని గాలిలోకి ఎగిరి, గిరగిర తిరిగి, ఒంటికాలిపై దిగే పిల్లకు కూడా ఇదే పొదుపు పాటిస్తే చీలమండ బెణుకుతుంది. పోనీ ఏటా కొత్తవి కొందామంటే ఇల్లు గడవదు. ఈ చిక్కు వల్ల ఆర్టిస్టిక్ స్కేటింగ్ అనే ఆట కలవారి పిల్లలకే పరిమితమయ్యే ప్రమాదం ఉన్నది.

ఏమిటీ ఆట?

చలిదేశాలలో మంచుగడ్డపై ఉక్కు పట్టీ బిగించిన బూట్లతో ఆడే ఆటను ఫిగర్ స్కేటింగ్ అంటారు. మంచు ఎరుగని మన ప్రాంతంలో నున్నని గచ్చుపై నాలుగు చక్రాల బూట్లతో దాదాపు అవే విన్యాసాలు చేస్తారు. అదే ఆర్టిస్టిక్ స్కేటింగ్. కింద పట్టీయా, చక్రాలా అన్నదే తేడా. పైన ఉండే మడమ గల గట్టి బూటు రెండింటిలోనూ ఒకే తీరు.

ఈ ఆట మనవారికి కొత్తేమీ కాదు. 2010లో చైనాలోని గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడలలో హైదరాబాదుకు చెందిన అనూప్ కుమార్ యామా రెండు కాంస్య పతకాలు గెలిచారు. వాటిలో ఒకటి అవనీ పంచాల్‌తో జంటగా ఆడి సాధించినది. 2015 సంవత్సరానికి ఆయనకు అర్జున అవార్డు లభించింది. స్కేటింగ్‌లోనే మరో విభాగమైన స్పీడ్ స్కేటింగ్‌లో తమిళనాడు యువకుడు ఆనంద్‌కుమార్ వేల్‌కుమార్ 2025లో చైనాలో జరిగిన ప్రపంచ పోటీలలో స్వర్ణం సాధించాడు. దానితో ఈ ఆటల పేరు మళ్లీ వినబడుతోంది. ఐతే పేరు వినబడినంత మాత్రాన పల్లె పిల్ల రింకు దాకా రాగలదా? వచ్చినా ఎన్నేళ్లు నిలవగలదు?

రెండు రకాల కష్టం

బూటు మార్చవలసి రావడానికి రెండు కారణాలున్నాయి. ఒకటి పాదం పెరగడం. రెండవది బూటు చచ్చిపోవడం. ఈ రెండూ ఒకటి కావు. తేడా తెలుసుకుంటే సగం ఖర్చు కలిసివస్తుంది.

ఎగిరి దిగేటప్పుడు కాలిపై పడే ఒత్తిడి శరీర బరువుకు అనేక రెట్లు ఉంటుంది. ఆ ఒత్తిడికి చీలమండ పక్కకు ఒరగకుండా ఆపేది బూటులోని గట్టి పొరలే. రోజూ అదే చోట మడతపడి, చెమటకు నాని, కొన్నాళ్లకు ఆ పొరలు మెత్తబడతాయి. అలాంటి బూటు పైకి మెరుస్తూనే ఉన్నా లోపల బలం ఉండదు.

ఆరేడేళ్ల పిల్ల బరువు తక్కువ, ఎగిరే ఎత్తూ తక్కువ. కాబట్టి ఆమె బూటు అరగకముందే ఇరుకైపోతుంది. పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి పరిస్థితి తలకిందులవుతుంది. సాధారణంగా ఆడపిల్లలకు పదమూడు, పద్నాలుగేళ్లకు, మగపిల్లలకు పదిహేను, పదహారేళ్లకు పాదం పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. అప్పటికి బరువు, ఎగురుడు పెరగడం వల్ల బూటు ఇరుకు కాకముందే చచ్చిపోతుంది. చిన్నపిల్లలు విడిచిన బూట్లు మరొకరికి పనికివస్తాయి. పెద్దపిల్లలు విడిచినవి చాలావరకు పనికిరావు. అసలు కిటుకంతా ఇక్కడే ఉన్నది.

కూలి లెక్క

నేర్చుకునేవారి బూట్లు కొన్ని వేల రూపాయలకు దొరుకుతాయి. పెద్ద పోటీల స్థాయి విదేశీ బూట్లు చక్రాలతో కలిపి అర లక్ష దాటుతాయి. 2025–26లో ఉపాధి హామీ పథకం కింద ఆంధ్రప్రదేశ్‌లో రోజు కూలి 307 రూపాయలుగా ఉండేది. ఆ లెక్కన నూరు రోజుల పని దొరికినా ఇంటికి వచ్చేది 30,700 రూపాయలే. అర లక్ష అంటే 163 రోజుల కూలి. తిండీ బట్టా మానుకున్నా ఒక్క జతకు చాలదు. అలాంటి ఇంట "ఇంకో ఏడాది సర్దుకో అమ్మా" అనక తప్పదు.

సర్దుకుంటే ఏమవుతుంది? ఇరుకైన బూటులో వేళ్లు ముడుచుకుపోతాయి, గోళ్లు నల్లబడతాయి. పెద్ద బూటులో మడమ పైకి లేస్తుంది, బొబ్బలెక్కుతాయి, దిగేటప్పుడు కాలు జారుతుంది. రెండు జతల మేజోళ్లు తొడిగితే సరిపోతుందనుకోవడం పొరపాటు. పెద్దవారి కోసం చేసిన అతి గట్టి బూటు ఖరీదైనదే అయినా తేలికపాటి పిల్లకు మంచిది కాదు. అందులో చీలమండ వంగదు. దెబ్బంతా మోకాలికి, నడుముకు తగులుతుంది.

తల్లిదండ్రులు చూడవలసినవి

మూడు, నాలుగు నెలలకోసారి పిల్లను కాగితంపై నిలబెట్టి రెండు పాదాల చుట్టూ గీత గీయాలి. పొడవైన పాదాన్ని బట్టి కొలత తీసుకోవాలి. బూటు లోపలి అట్ట తీసి దానిపై నిలబెడితే వేళ్లకు ఎంత చోటు మిగిలిందో తెలుస్తుంది. కాస్త చోటు ఉండాలి గాని, బడి బూట్లకు వదిలినంత వదలరాదు.

ఖాళీ బూటును బల్లపై నిలబెట్టినప్పుడు పైభాగం ఒక పక్కకు వాలినా, చీలమండ దగ్గర లోతైన మడత పడినా, చక్రాల మరలు అట్టలో పట్టు తప్పినా ఆ బూటుతో ఎగరనీయరాదు. ఆట ముగిశాక తడి తుడిచి నీడన ఆరబెట్టాలి. ఎండలో, రేకుల కప్పు కింద వేడిలో ఉంచితే జిగురు ఊడుతుంది. బూటు మార్చినంత మాత్రాన చక్రాలు, వాటిని పట్టే ఇనుప పీట మార్చనక్కరలేదు. కొలత కుదిరితే వాటినే కొత్త బూటుకు బిగించవచ్చు.

పతకం వచ్చాకనా? రాకముందా?

2024లో ప్రకటించిన రాష్ట్ర క్రీడా విధానంలో ఒలింపిక్ స్వర్ణానికి ఏడు కోట్ల రూపాయల బహుమతి ఉన్నది. ఉద్యోగాలలో క్రీడాకారుల కోటా రెండు నుంచి మూడు శాతానికి పెరిగింది. ఇవి ఆహ్వానించదగినవే. ఐతే ఇవన్నీ గెలిచిన తరువాత వచ్చేవి. బూటు కావలసింది గెలవడానికి పదేళ్ల ముందు.

ఏటా పాదం పెరుగుతుందన్న సంగతి ప్రభుత్వానికి తెలియనిది కాదు. 2020లో విద్యా కానుక పేరున, 2025లో విద్యార్థి మిత్ర పేరున బడిపిల్లలకు ఇచ్చిన సామగ్రిలో బూట్లు కూడా ఉన్నాయి. ప్రభుత్వాలు మారి పేరు మారినా బూటు మాత్రం మానలేదు. బడికి నడిచే పాదానికి వర్తించిన సూత్రం ఆడే పాదానికి ఎందుకు వర్తించదన్న ప్రశ్న సహజం.

తరగతి గదులు, మరుగుదొడ్లు లేని బడులుండగా స్కేటింగ్ బూట్లు విలాసం కాదా అనేవారూ ఉన్నారు. ఆ మాటలో న్యాయం లేకపోలేదు. కాని దీనికి కోట్లు అక్కరలేదు. చిన్న సైజు బూట్లు అరగకముందే ఇరుకవుతాయి గనుక, జిల్లా క్రీడా శాఖ ఆధ్వర్యంలో ఒక బూట్ల నిధి పెట్టవచ్చు. ఇరుకైన జత తెచ్చి ఇచ్చి, శిక్షకుడు పరీక్షించి ముద్ర వేసిన పెద్ద జత తీసుకుపోవచ్చు. చచ్చిన బూటును మాత్రం ఎవరికీ ఇవ్వరాదు. గ్రంథాలయంలో పుస్తకం తిరిగినట్లు ఒకే జత ముగ్గురు నలుగురికి అక్కరకు వస్తుంది. ఇలా మిగిలిన సొమ్ముతో పదమూడేళ్లు దాటి ఆటలో నిలిచిన పిల్లలకు సహాయం చేయవచ్చు. పరుగు పందెగాళ్ల ముళ్ల బూట్లకూ, ఫుట్‌బాల్ బూట్లకూ ఇదే పద్ధతి పనికివస్తుంది. అప్పుడు లాభం ఒక్క పట్నానికే గాక ప్రతి మండలానికీ అందుతుంది.

లాడం అరిగిన ఎద్దును రైతు రాళ్ల బాటన బండికి కట్టడు. ముందు లాడం కొట్టించి, తరువాతే కాడి వేస్తాడు. పతకం కోసం పరుగు పెట్టమంటున్న పిల్లల విషయంలో కూడా అదే వరుస పాటించవలసి ఉన్నది. జిల్లా క్రీడాధికారులు, పంచాయతీ పెద్దలు ఈ దిశగా ఆలోచించడం అవసరం.