మంత్రము తెలిసిన డిటెక్టివు

ఇంటిలో సొమ్ము పోయినచో అంజనము వేయించుట పల్లెలలో పాత పద్ధతి. తమలపాకుపై కాటుక రాచి, చిన్నపిల్లవానిని అందులోనికి చూడుమందురు. వాడు ఎవరి పేరు చెప్పిన వారే దొంగ. ఎప్పుడు చూచితివి, ఎక్కడ నిలిచి చూచితివి అని వానిని అడుగువారుండరు.

డిటెక్టివు నవల పుట్టినది ఆ ప్రశ్నలు అడుగుటకే. కావున డిటెక్టివునకే మంత్రము నేర్పిన నవలలను చూచి ఉపాధ్యాయులు కొందరు ముఖము చిట్లించుటలో వింత లేదు. అయినను విద్యార్థి సంచిలోనుండి ఆ పుస్తకమును లాగివేయుటకు ముందు తామొకటి చదివి చూడవలెను. అదియు మాలికలో మొదటిది కాదు, ఏడవదో ఎనిమిదవదో.

మొదటి కథలో ఎన్ని వింతలనైనను పెట్టవచ్చును. పరీక్ష తరువాత వచ్చును. తొలుత దీపము వెలిగించుటకే పనికివచ్చిన మంత్రము ఏడవ కథలో హంతకుని పేరు చెప్పివేసినచో, పాఠకుడు అంతవరకు ఏరుకొన్న ఆధారములన్నియు బూడిదలో పోసిన పన్నీరే. ఇంగ్లండులో బెన్ ఆరోనోవిచ్ 2011లో ఆరంభించిన మాలికకు ఈ చిక్కు తెలియును. అందులో పీటర్ గ్రాంట్ అను లండను పోలీసు యువకుడు మంత్రవిద్యను లాటిను పాఠమువలె కష్టపడి నేర్చును. థేమ్సు నదియు, దాని ఉపనదులును మనుష్యరూపము దాల్చి ఆ నగరవీధులలో తిరుగును. రెండవ నవలలో జాడ తెలిసిన 'ముఖము లేని మనిషి' కథ 2018 నాటి ఏడవ నవలలోగాని ముగియదు. అప్పటికిని పోలీసులు చేయు పనిలో హెచ్చుభాగము పేర్ల జాబితా వేయుట, ఒక్కొక్కరిని పోయి అడుగుట.

తెలుగున కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్ తర్కమునే నమ్మెను. తరువాత యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళము'లో వైద్యమును, క్షుద్రవిద్యయు పోటీపడి పరుగెత్తినవి. దానిపై రంగనాయకమ్మ ఒక విమర్శ గ్రంథమునే వ్రాసిరి. ఐనను దానికి తరువాయిగా 'తులసి' వచ్చెను, జనము చదివిరి. చేతబడి చేసెనను అనుమానముతో మనుష్యులను చంపిన దేశమున రంగనాయకమ్మ భయము అకారణమైనది కాదు. కాని దోషము వింతది కాదు, విచారణ లేని తీర్పుది.

ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ఒకే బెంగుళూరు రైలుమార్గమున ఉన్నవి. ఇట్టి మాలికకు ఇంతకన్న తగిన చోటు దొరకుట అరుదు. ధర్మవరపు చిత్రావతిని సాక్షిగా నిలుపవచ్చును. కాని ఏట నీరు పారిన దినముననే ఆమెకు నోరు వచ్చునని మొదటి కథలో నియమము పెట్టినచో, ఏడవ కథలో కరువు వచ్చినప్పుడు డిటెక్టివు ఇసుకలో ఒంటరిగా నిలువవలసినదే. ఆ మండలముననే ఉన్న నిమ్మలకుంట తోలుబొమ్మలకు మాటలు వచ్చినను, ఆడించువాని గొంతు ఎవరిదో విచారింపవలెను. హిందూపురమునకు చేరువనున్న లేపాక్షిలో గోడపై రెండు ఎఱ్ఱని మరకలు చూపుదురు. రాజధనము దుర్వినియోగము చేసెనని నింద పడగా విరూపణ్ణ తన కన్నులనే పెరికి గోడకు కొట్టెనని ఐతిహ్యము. లెక్కలు చూచినవారెవరో ఆ ఐతిహ్యము చెప్పదు.

పెనుకొండ కోటలో తిమ్మరుసు బందిఖానా అని ఒక కట్టడము కలదు. 1524లో కృష్ణదేవరాయల కుమారుడు తిరుమలరాయడు బాల్యముననే మరణించెను. విషప్రయోగమని అనుమానించి, మహామంత్రి కన్నులు తీయించి చెరలో పెట్టిరని పోర్చుగీసువాడైన నూనిజ్ వ్రాసెను. అతడు వ్రాసినది సుమారు 1535లో. విషము పెట్టుట చూచినదెవరు? పదేండ్ల తరువాత నూనిజ్‌కు ఆ మాట చెప్పినదెవరు? వారికి రాజసభలో ఎవరితో మైత్రి, ఎవరితో వైరము? తొమ్మిదవ తరగతి పిల్లలను ఒకనాడు ఆ కోటకు తీసికొనిపోయి, అంజనము వేయకుండ, ఈ మూడు ప్రశ్నలును అడిగి చూడవచ్చును.