పదివేల మెగావాట్ల భ్రమ

"కాళ్ల కింద 10,600 మెగావాట్లు పెట్టుకుని ఎండకోసం, గాలికోసం చూడటమేమిటి?" భూగర్భ ఉష్ణశక్తి గురించి చర్చ వస్తే చాలు, ఎవరో ఒకరు ఈ మాట విసురుతారు. ఆ అంకె బోర్లు దింపి తేల్చింది కాదు. దేశంలోని వేడినీటి ఊటల సర్వేల మీద వేసిన అంచనా. నీటి వేడి ఎంతో, ధార ఎన్నాళ్లు నిలుస్తుందో కొలిచేదాకా అందులో ఒక్క మెగావాటునూ నమ్ముకోలేం.

వాస్తవం మణుగూరులో కనిపిస్తుంది. బొగ్గు అన్వేషణకు వేసిన బోరులో వేడినీరు ఉబికితే, సింగరేణి అక్కడ ప్రయోగాత్మకంగా పెట్టిన ప్లాంటు 20 కిలోవాట్లది. మెగావాట్లు కావు, కిలోవాట్లు. ఇందులో సింగరేణి తప్పేమీ లేదు. ఆ నీటి వేడి నేరుగా టర్బైను తిప్పడానికి చాలదు. తక్కువ వేడికే మరిగే మరో ద్రవాన్ని దానితో కాచి, ఆ ఆవిరితో తిప్పాలి. నీటి వేడి తగ్గేకొద్దీ కరెంటుగా మారే పాలూ తగ్గుతుంది. ఏ ప్రభుత్వ చిత్తశుద్ధీ ఈ సూత్రాన్ని మార్చలేదు.

కెన్యాను చూడమంటారు. చూద్దాం. ఆ దేశపు కరెంటులో 40 శాతానికి పైగా భూగర్భ వేడి నుంచే వస్తోంది. కానీ అక్కడి భూగర్భ ఉష్ణ క్షేత్రం ఓల్కారియా ఉన్నది ఆఫ్రికా ఖండం ఇప్పటికీ చీలుతున్న లోయలో, అగ్నిపర్వతాల నడుమ. మణుగూరు ఉన్న మన గోదావరి లోయ కూడా చీలికే. కాకపోతే కోట్ల ఏళ్లనాటిది.

ఇక 'తరగని నిధి' అన్న మాట. కాలిఫోర్నియాలోని గీజర్స్ ఉష్ణ క్షేత్రంలో ఆవిరిని అతిగా తోడేసరికి 1980ల చివరి నుంచి ఉత్పత్తి పడిపోయింది. ఇప్పుడు ఊళ్ల మురుగునీటిని శుద్ధిచేసి, పైపుల్లో తెచ్చి భూమిలోకి పంపుతున్నారు.

ఈ కరెంటు రాత్రీ పగలూ వస్తుందన్నది మాత్రం నిజం, దాని విలువ పెద్దదే. అయినా దేశంలో సౌర సామర్థ్యం 2025 జనవరిలో లక్ష మెగావాట్లు దాటింది. ఆ 10,600 మొత్తం చేతికొచ్చినా ఏడాదికిచ్చే యూనిట్లలో దాన్ని అందుకోలేదు.

లద్దాఖ్‌లోని పూగా లోయలో ఒక మెగావాటు ప్లాంటు కోసం 2021లో ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకుంది. తవ్వనివ్వండి. అయితే గడ్డకట్టే చలిలో ఆ లోయవాసులకు ముందు కావలసింది వేడి. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లోలాగా ఆ వేడిని పైపులతో ఇళ్లకే పంపితే, కరెంటుగా మార్చడంలో పోయే పెద్దవాటా మిగులుతుంది.