స్టేడియం అడుగుదాం, ముందు పిల్లల్ని పంపండి

సంక్రాంతి పూట ఎత్తక తప్పనిది, డాలస్‌లోని మన సంఘం వాట్సాప్ గ్రూపులో నడిచిన స్టేడియం రచ్చ.

2025 నవంబరు 2న నవీ ముంబయిలో భారత అమ్మాయిలు దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి క్రికెట్ ప్రపంచకప్పు గెలిచారు. ఆ జట్టులోని శ్రీచరణి మన కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల. డాలస్‌లో మనకది ఆదివారం మధ్యాహ్నం. సంగటి చల్లారిపోతున్నా టీవీ ముందు నుంచి ఎవరూ లేవలేదు. ఆ సంబరం రెండు రోజులుంది. మూడోనాడు ‘కడపకు అంతర్జాతీయ స్టేడియం కావాలి’ అని అర్జీ. ఆ వెంటనే దానికి ఎవరి పేరు పెట్టాలని కొట్లాట, అందులోకి పార్టీలు, ఆపైన కులాలు. అలిగి గ్రూపు వదిలిపోయినవాళ్ళూ ఉన్నారు. మీరు లేకుంటే ఉగాది వంటలు ఎవరు చేస్తారు, వచ్చేయండి.

కడపలో స్టేడియమే లేదన్నట్టు రాసినవాళ్ళకు ఒక మాట. ఉంది. వై.ఎస్. రాజారెడ్డి పేరిట ఆంధ్ర క్రికెట్ సంఘం మైదానం ఉంది, అక్కడ రంజీ మ్యాచులు జరిగాయి. అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) మైదానం ఉంది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీకి రుతురాజ్ గైక్వాడ్ జట్టు, శ్రేయస్ అయ్యర్ జట్టు అక్కడే తలపడ్డాయి. మనకు రానిది అంతర్జాతీయ మ్యాచ్. అది చూడాలంటే చెన్నైకో బెంగళూరుకో పోవాలి, లేదంటే రాష్ట్రానికి ఆ చివరున్న విశాఖకు. ఆ బాధ నాకూ ఉంది. 1953లో వచ్చిన ఆంధ్ర రాష్ట్ర రాజధాని మూడేళ్ళకే మూట కట్టుకుని పోయిన కర్నూలు మాది, మాకు ఒకరు చెప్పాల్నా?

కానీ విశాఖ సంగతే చూడండి. అక్కడ ఇందిరా ప్రియదర్శిని మున్సిపల్ స్టేడియంలో 1988 నుంచి వన్డేలు ఆడారు. ఇప్పుడు పోతినమల్లయ్యపాలెంలో ఉన్నది తర్వాత కట్టినది. 2005 ఏప్రిల్ 5న పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టాక దాని పేరు దేశమంతా తెలిసింది. అయినా మొదటి టెస్టు కోసం 2016 నవంబరు దాకా ఆగాల్సి వచ్చింది. ఓడరేవు, విమానాశ్రయం, పెద్ద హోటళ్ళు ఉన్న ఊరి సంగతి ఇది. విజయవాడకు 2002లో ఒక వన్డే వచ్చింది, మళ్ళీ మగవాళ్ళ వన్డే ఆ ఊరి మొహం చూడలేదు. గ్యాలరీలు కట్టగానే మ్యాచులు రావు. రాత్రి ఆటలో కెమెరాలకు చాలినంత వెలుతురిచ్చే ఫ్లడ్‌లైట్లు కావాలి. జట్లకు, అంపైర్లకు, టీవీ వాళ్ళకు, చివరికి డోపింగ్ పరీక్షకు కూడా గదులుండాలి. జట్ల విమానం దిగడానికి రన్‌వే దగ్గర్లో ఉండాలి. కర్నూలుకు ఓర్వకల్లు విమానాశ్రయం వచ్చిందే 2021లో.

ఇక నీళ్ళు. పచ్చిక బతకాలంటే ఎండాకాలమంతా తడుపుతూనే ఉండాలి. 2016 కరువులో బొంబాయి హైకోర్టు ఏప్రిల్ 30 తర్వాతి ఐపీఎల్ మ్యాచులను మహారాష్ట్ర పొలిమేర దాటించింది. రాయలసీమలో బోరు ఎండిపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? అర్జీలో నీళ్ళ గురించి ఒక్క ముక్క లేదు. మురుగునీటిని శుద్ధి చేసి వాటితోనే మైదానం తడపాలని అందులో రాయండి, మొదటి సంతకం నాది. కొత్త స్టేడియమే కట్టాలనీ లేదు. డాలస్‌లో మన పక్కనున్న గ్రాండ్ ప్రైరీ స్టేడియం 2008లో బేస్‌బాల్ కోసం కట్టింది. దాన్నే క్రికెట్‌కు తగ్గట్టు మార్చాక, 2023లో అక్కడ మేజర్ లీగ్ క్రికెట్ మొదలుపెట్టారు. మరుసటేడు జూన్‌లో అమెరికా సూపర్ ఓవర్లో పాకిస్తాన్‌ను ఓడించిందీ అక్కడే. కడపలో ఉన్న మైదానాన్నే బాగుచేయమని అడగడం చిన్నతనమేమీ కాదు.

ఇంతకీ నా కడుపుమంట వేరే ఉంది. మన సంక్రాంతి టోర్నమెంటులో పదమూడేళ్ళలోపు ఆడపిల్లల ఆటకు పేర్లు అడిగితే ఒక్క జట్టుకు సరిపడా రాలేదు. ఆట రద్దయింది. వాట్సాప్ స్టేటస్‌లలో శ్రీచరణి ఫొటోలు ఇంకా తీయనే లేదు అప్పటికి!

కారణాలన్నీ విన్నాను. శనివారం కూచిపూడి, ఆదివారం లెక్కల ట్యూషన్. ఎండకు నల్లబడుతుంది. బంతి తగిలితే పళ్ళు రాలతాయి. ‘మగపిల్లల మధ్య ఒక్కతే ఏం ఆడుతుందిలే అక్కా’ అని ఒకమ్మ. ఒక్కతే ఎందుకైంది తల్లీ? పక్కింటామె కూడా అచ్చం ఇదే మాట అని కూతుర్ని ఇంట్లో కూర్చోబెట్టింది గనుక. అదే ఇంట్లో అబ్బాయికి వారానికి మూడు రోజులు కోచింగ్, ఇంగ్లీష్ విల్లో బ్యాటు, ట్రాఫిక్‌లో కారు తోలుకుపోవడానికి నాన్న. వాడి పళ్ళు ఇనుముతో చేసినవా? కోపం వస్తే రానీయండి, దీన్ని పక్షపాతమనే అంటారు.

శ్రీచరణి నాన్న థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. చిన్నప్పుడు ఆ పిల్ల పరుగు పందేల్లో, ఖోఖోలో ఉండేది, క్రికెట్‌కు ఆలస్యంగానే వచ్చింది. నాన్న మొదట ఒప్పుకోలేదని, మేనమామ అండగా నిలిచాడని తనే చెప్పింది. 2025 ఏప్రిల్‌లో తొలి వన్డే. జూన్‌లో నాటింగ్‌హామ్‌లో తొలి టీ20, అందులోనే 4 వికెట్లు. ప్రపంచకప్పులో 14. ఎర్రమల్లెలో అంతర్జాతీయ స్టేడియం లేదు, మేనమామ ఉన్నాడు. మనలో మేనమామలకు కొదవా?

పేరు కోసం కొట్టుకున్నవాళ్ళకు ఇంకొకటి. 2025 అక్టోబరు 12న ఆస్ట్రేలియాతో ప్రపంచకప్పు మ్యాచ్ నాడు విశాఖలో ఒక స్టాండుకు భారత మాజీ కెప్టెన్ మిథాలీ రాజ్ పేరు, ఒక గేటుకు రావి కల్పన పేరు పెట్టారు. కల్పన విజయవాడ ఆటోడ్రైవరు కూతురు, భారత జట్టుకు వికెట్ కీపింగ్ చేసింది. అన్ని మెసేజీల్లో ఆ గేటు గురించి ఒక్కటైనా ఉందేమోనని వెతికాను. లేదు.

ఆడపిల్లల్ని ఆటకు పంపే విషయంలో ఊళ్ళో మనవాళ్ళ ఇళ్ళలోనూ ఇదే వరస. ప్రొద్దుటూరులోనో నంద్యాలలోనో తొమ్మిదో తరగతి చదివే అన్న కూతురికి ఆటలు మాన్పించాలా వద్దా అని మనకు ఫోన్ చేస్తారు. అమెరికాలో ఉన్నవాళ్ళ మాటకు అక్కడ ఎక్కడలేని విలువ. ‘ముందు చదువు కానీలే వదినా’ అని మనం తేలిగ్గా అనేసి ఫోన్ పెట్టేస్తాం. మర్నాటి నుంచి ఆ పిల్ల గ్రౌండుకు పోదు. ఈసారి ఫోన్ వస్తే ‘ఆడనీ, బూట్లు నేను పంపిస్తా’ అనండి. మీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకోండి.

కార్యవర్గం తీర్మానం: స్టేడియం అర్జీ సంఘం పేరుతో పోదు. ఇష్టమున్నవాళ్ళు సొంత పేరుతో పంపుకోవచ్చు. దానికోసం ఇచ్చిన విరాళాలను, దాతలు ఒప్పుకుంటే, కడప, కర్నూలు జిల్లాల హైస్కూలు ఆడపిల్లల కిట్లకు, ప్రయాణ ఖర్చులకు వాడతాం. ఒప్పుకోనివాళ్ళు కోశాధికారికి తెలిపితే డబ్బు వెనక్కి ఇస్తాం.

రద్దయిన ఆడపిల్లల ఆట ఉగాదికి పెడుతున్నాం. ఆదివారం పొద్దున నెట్స్‌లో మెత్తటి బంతితో నేర్పడానికి ఇద్దరు తల్లులు ముందుకొచ్చారు. బ్యాట్లు, ప్యాడ్లు సంఘం ఇస్తుంది, పిల్లలకు టోపీ, నీళ్ళ సీసా మీరు పంపండి. అబ్బాయిల జట్లు నిండిపోయాయి, ఇక వాళ్ళ పేర్లు పంపకండి.

— సంపాదకురాలు